నీడో డబ్బాలో నల్లదొర

మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. 'ముట్టుకోకండి, పాడైపోతుంది' అంటూ బీరువా పైఅరలో దాచిన వస్తువు. ఎవరి పెళ్లిలోనో వచ్చిన గాజు గ్లాసుల సెట్టు కావచ్చు, ఫారిన్ నుంచి వచ్చిన పెన్ను కావచ్చు. వాడని వస్తువు ఎప్పటికీ కొత్తగానే ఉంటుందని మన నమ్మకం. నాకూ ఆ నమ్మకం గట్టిగానే ఉండేది. బొటనవేలంత బొమ్మ ఒకటి దాన్ని కాస్త కదిలించింది.

సంక్రాంతికి బోధన్‌లో ఉన్న మా అక్కయ్య ఇంటికి వెళ్లాను. నిజామాబాద్ నుంచి బోధన్ ఎంత దూరమని! బస్సెక్కి ఓ కునుకు తీసేలోపు వచ్చేస్తుంది. మా చిన్నప్పుడు మాత్రం ఈ కాలంలో కునుకు కుదిరేది కాదు. బస్సుకు ముందు చెరకు బండ్లు, వెనక చెరకు లారీలు. కిటికీలోంచి చెయ్యి చాపి గడ లాగే కుర్రాళ్లు, అదిలించే బండివాళ్లు. నిజాం జమానాలో 1937లో పుట్టిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ఈ ప్రాంతానికి అన్నం పెట్టడమే కాదు, గడియారంగానూ పనిచేసింది. సైరన్ మోగితే షిఫ్టు మారినట్టు, ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టినట్టు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. కానీ బోధన్ వాళ్ల మాటల్లో 'డ్యూటీ ఎక్కుడు', 'డ్యూటీ దిగుడు' మాత్రం పోలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

మా మేనల్లుడికి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. దుకాణంలో గోడకు ఓ అద్దాల పెట్టె. అందులో నాలుగు బొమ్మలు. ఒక్కోటి నాలుగు సెంటీమీటర్ల ఎత్తు. ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు 'ఇవి ఎంతకిస్తవు?' అని అడుగుతారట. 'అమ్మకానికి కావు' అని వీడి జవాబు. ఈ నాలుగింట్లో మొదటిదాని కథ నాకు తెలుసు. ఎందుకంటే అది మా ఇంట్లో జరిగిన కథ.

అర్బాబు ఇంటి బొమ్మ

మా జిల్లాలో గల్ఫ్ బంధువు లేని ఇల్లు కావాలంటే వెతకాల్సిందే. మా బావ 2003లో దుబాయి వెళ్లాడు. ఓ అర్బాబు ఇంట్లో డ్రైవరు ఉద్యోగం. 2006 వేసవిలో మొదటిసారి సెలవు మీద వచ్చాడు. గల్ఫ్ పెట్టె అంటే మీకు తెలిసిందే. నీడో పాలపొడి డబ్బా, టాంగ్ పొట్లాలు, టైగర్ బామ్, అత్తరు సీసా, రెండు కంబళ్లు. అన్నీ పంచాక బావ చొక్కా జేబులోంచి ఓ చిన్న బొమ్మ తీసి ఆరేళ్ల కొడుకు చేతిలో పెట్టాడు. అర్బాబు కొడుకు ఆడుకుని పక్కన పడేస్తే, ఆ ఇంటి అమ్మ 'మీ పిల్లాడికి పట్టుకుపో' అని ఇచ్చిందట.

నల్లటి టోపీ, నల్లటి అంగీ, చేతిలో సన్నటి ఎర్రకర్ర. ఎవరి బొమ్మో ఎవరికీ తెలియదు. అక్కయ్య 'నల్లదొర' అని పేరు పెట్టేసింది. ఆ రాత్రి మామూలుగానే కరెంటు పోయింది. బావ చీకట్లో కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని 'దీని నెత్తి మీద ఒత్తు' అన్నాడు. వాడు ఒత్తాడు. దొర చేతిలో కర్ర ఎర్రగా వెలిగింది! ఇల్లంతా ఒకటే కేరింతలు. ఆ వెలుగులో పక్కనున్న మనిషి మొహం కూడా సరిగా కనిపించదు. అయినా ఆ రాత్రి లాంతరు వెలిగించాలని ఎవరికీ తోచలేదు.

రెండు నెలల సెలవు ఇట్టే అయిపోయింది. బస్సెక్కే ముందు బావ కొడుకుతో, 'నేను యాదికొచ్చినప్పుడల్లా ఒత్తు కొడుకా' అన్నాడు. వాడు మాట తప్పలేదు. పొద్దున లేవగానే ఒత్తేవాడు. అన్నం తినేటప్పుడు ఒత్తేవాడు. కరెంటు పోయిందంటే ఇక వదిలేవాడే కాదు.

కొన్నాళ్లకు వెలుగు కాస్త తగ్గినట్టు అక్కయ్యకు అనిపించింది. 'గిట్ల ఒత్తితె మీ బాపు వచ్చేదాంక ఉంటదార?' అని బొమ్మను లాక్కుని ఖాళీ నీడో డబ్బాలో పెట్టి, మూత బిగించి, బియ్యం బస్తాల వెనక దాచేసింది. వాడు మూడు రోజులు ఏడ్చాడు. తర్వాత మరిచిపోయాడనుకున్నాం.

2009లో బావ మళ్లీ వచ్చాడు. పెట్టె ఇంకా విప్పకముందే వాడు 'అమ్మా, ఇగ తియ్యవే' అన్నాడు. మరిచిపోలేదన్నమాట! అక్కయ్య డబ్బా తెచ్చి మూత తీసింది. పాలపొడి వాసన వేస్తూ దొర బయటికొచ్చాడు. గీత పడలేదు, రంగు పోలేదు. బావ నెత్తి మీద ఒత్తాడు. వెలగలేదు. గట్టిగా ఒత్తాడు. ఊహూ! 'నేనే దాని పాణం తీసినట్టాయె' అంది అక్కయ్య చిన్నబోయి. 'బొమ్మే కదనే' అని బావ నవ్వేశాడు. తొమ్మిదేళ్ల పిల్లాడు మాత్రం నవ్వలేదు.

వాడకపోయినా ఆరిపోతుంది

అక్కయ్య చేసిన తప్పేమీ లేదు. మనలో ఎవరమైనా అదే చేసేవాళ్లం. కాకపోతే సెల్లు సంగతి వేరు. కుండలో బియ్యం తియ్యకపోతే అలాగే ఉంటాయి. సెల్లులో శక్తి అలా ఉండదు. లోపల రసాయనాల మధ్య చర్య మనం మీట నొక్కకపోయినా నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. ఏటా కొంత కొంత కరిగిపోతుంది. ఎండాకాలం వేడికి ఇంకాస్త వేగంగా. నిజామాబాద్ ఎండల సంగతి చెప్పాలా? పైగా ఆ సెల్లు మన చేతికి వచ్చేసరికే అర్బాబు కొడుకు దాన్ని ఎంత వాడాడో ఎవరికి తెలుసు!

ఆరిపోవడంతో కథ అయిపోదు. ఆల్కలైన్ రకం సెల్లు పూర్తిగా దిగిపోయాక లోపలి క్షారం మెల్లగా బయటికి ఊరుతుంది. రిమోట్లలో, గోడగడియారాల్లో తెల్లటి పొడి పేరుకుపోవడం చూసే ఉంటారు. అదే ఇది. రాగి తీగనూ, తగరం అతుకునూ తినేస్తుంది. అంటే దాచిపెట్టిన దీపం ఆరిపోవడమే కాదు, దీపపు సెమ్మెను కూడా కొరుక్కుతింటుందన్నమాట.

మన దగ్గరే, గోదావరి దాటితే నిర్మల్. అక్కడి పొనికి చెక్క బొమ్మను మీ తాత కొని ఉంటే, తడి తగలకుండా చూసుకుంటే చాలు, మీ మనవడికీ అందుతుంది. దాచినకొద్దీ విలువ పెరిగే బొమ్మ అది. వెలిగే బొమ్మ అలా కాదు. దానికి ఆయుష్షు పుట్టినరోజే రాసిపెట్టి ఉంటుంది.

దొరగారి అసలు పేరు

మేనల్లుడు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. 2018లో ఓ రోజు ఫోనులో ఏదో వెతుకుతుంటే వాళ్ల నల్లదొర ఫొటో కనబడింది. పేరు డార్త్ వేడర్. 'స్టార్ వార్స్' సినిమాల్లో పేరుమోసిన విలన్. చేసింది లెగో.

లెగో అంటే ముక్కలు కలిపి ఇళ్లూ బండ్లూ కట్టే బొమ్మలు. డెన్మార్క్‌లోని బిలుండ్ అనే చిన్న ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మలతో మొదలుపెట్టిన పని అది. ఇవాళ మనం చూసే ప్లాస్టిక్ ఇటుకకు 1958లో పేటెంటు తీసుకున్నారు. చేతులూ కాళ్లూ కదిపే చిట్టి మనుషులు 1978లో వచ్చారు. స్టార్ వార్స్ బొమ్మలు 1999లో మొదలయ్యాయి.

2005 మే నెలలో 'రివెంజ్ ఆఫ్ ద సిత్' సినిమా విడుదలైంది. ఆ ఏడాది లెగో కొన్ని పెట్టెల్లో కొత్త తరహా చిట్టి మనుషులను పెట్టింది. మొండెంలోనే బటన్ సెల్లు, చేతిలోని కత్తికి ఎల్‌ఈడీ. తల కిందికి ఒత్తితే లోపల కరెంటుదారి కలుస్తుంది, కత్తి వెలుగుతుంది. వేడర్‌తో పాటు ఒబీ వాన్, అనకిన్, మేస్ విండూ అనే పాత్రలకు ఈ భాగ్యం కలిగింది. సిటీ వరుసలో టార్చిలైటు పట్టుకున్న పోలీసు కూడా వచ్చాడు. సెల్లు మార్చుకునే వీలు మాత్రం లేదు.

ఈ ముచ్చట ఎక్కువ కాలం సాగలేదు. మేస్ విండూ సంగతే చూడండి. 2005లో క్లోన్ టర్బో ట్యాంక్ పెట్టెలో వెలిగే కత్తితో వచ్చాడు. మరుసటి ఏడాది అదే పెట్టెను మళ్లీ విడుదల చేసినప్పుడు మామూలు కత్తితో వచ్చాడు. అందుకే వెలిగే మనిషి అరుదు. ఇరవై ఏళ్లు దాటాక ఇంకా వెలుగుతున్నవాడు మరీ అరుదు. ఇలాంటివి సేకరించేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లందరూ ముందు అడిగే ప్రశ్న ఒక్కటే... 'వెలుగుతుందా?'

బొమ్మలో ఉన్న ఆ చిన్న దీపానికీ ఓ చరిత్ర ఉంది. కంటికి కనిపించే ఎర్రటి ఎల్‌ఈడీని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు. బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ రావడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. అది సాధించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ ఇచ్చారు. ఎరుపుకు రెండు వోల్టులు చాలు. నీలానికి మూడు వోల్టుల దాకా కావాలి. అందుకే సెల్లు దిగిపోయేటప్పుడు సాధారణంగా నీలం దీపం ముందు ఆరిపోతుంది, ఎర్రది ఇంకొంతకాలం మిణుకుమంటుంది.

విప్పాలా, వద్దా?

మేనల్లుడు పొదుపు చేసుకుని ఒక్కొక్కటే కొన్నాడు. ముందు మేస్ విండూ, తర్వాత ఒబీ వాన్, ఆఖరుకు టార్చి పోలీసు. తేలికైన సరదా ఏమీ కాదు. విదేశాల నుంచి వచ్చే బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. అందుకని మన దేశంలోనే పాతవి అమ్మేవాళ్ల కోసం నెలల తరబడి ఓపిగ్గా చూసేవాడు. వచ్చిన మూడింట్లో వెలిగేది పోలీసు ఒక్కడే.

ఈలోగా బావ 2020లో పూర్తిగా తిరిగి వచ్చేశాడు. ఓ రోజు మేనల్లుడు నల్లదొర మెడ దగ్గర తెల్లటి పొడి చూశాడు. సెల్లు ఊరడం మొదలైందన్నమాట. విప్పితే 'అసలుది కాదు' అంటారు సేకరించేవాళ్లు, ధర పడిపోతుంది. విప్పకపోతే లోపల అంతా తినేస్తుంది. వాడు రెండు రాత్రులు ఆలోచించాడు. చివరికి నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని విప్పాడు. సెల్లులు తీసేశాడు. దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి పొడి తుడిచాడు. కానీ తీగ అప్పటికే తెగిపోయింది.

'కొత్త తీగ, కొత్త ఎల్‌ఈడీ ఏస్త బాపూ, పది నిమిషాల పని' అన్నాడు. ఫోన్లలో వెంట్రుకంత తీగలు అతికేవాడికి అదేం లెక్క! బావ కాసేపు బొమ్మను చేతిలో తిప్పి చూసి, 'వద్దు కొడుకా. కొత్త లైటు పెడితె అది నీదైతది. ఇది నేను తెచ్చింది. గిట్లనే ఉండని' అన్నాడు.

అలా నల్లదొర చీకటిగానే అద్దాల పెట్టె ఎక్కాడు. బజారులో వాడి విలువ ఆ నాలుగింట్లోకీ తక్కువ. పెట్టెలో మాత్రం మధ్యస్థానం వాడిదే.

మీ ఇంట్లో ఉంటే...

లెగోయే కానక్కర్లేదు. వెలిగే కారు, మోగే చిలుక, మెరిసే కత్తి ఏదైనా సరే, మేనల్లుడు చెప్పే జాగ్రత్తలు ఇవి.

సెల్లు తీసే వీలున్న బొమ్మను దాచేటప్పుడు సెల్లు తీసి దాచండి. తెల్లపొడి కనిపిస్తే చేతికి తగలకుండా, వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కొద్దిగా అద్దిన దూదితో తుడిచి, బాగా ఆరనివ్వండి. ఎండ తగిలేచోట పెట్టకండి, ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. పాతది కొనేటప్పుడు ఫొటో చూసి మోసపోకండి. తల ఒత్తడం, వెలగడం ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా చూపించమనండి. లెగో అయితే ఆ పేరు అచ్చుపోసి ఉందో లేదో చూడండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. బటన్ సెల్లును పిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగాడన్న అనుమానం వచ్చినా చాలు, తెల్లారేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కొత్త బొమ్మలు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి చేశారు. సెల్లు మూత స్క్రూతో బిగించి ఉందో లేదో కూడా చూసుకోండి. చిన్న భాగాలున్న ఇలాంటి బొమ్మలు మూడేళ్లలోపు పిల్లల చేతికి అసలు ఇవ్వకూడదు.

డ్యూటీలో ఉన్నవాడు

సంక్రాంతి సాయంత్రం మేనల్లుడి అక్క కూతురు వచ్చింది. ఆరేళ్ల పిల్ల. వస్తూనే 'మామా, పోలీసు!' అంది. మేనల్లుడు అద్దం తలుపు తీసి, ప్రపంచంలో కొద్దిమంది దగ్గర మాత్రమే వెలుగుతున్న ఆ బొమ్మను పిల్ల చేతిలో పెట్టేశాడు. ఆ పిల్ల టకాటకా ఒత్తడం మొదలుపెట్టింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

'అరే, అంత అరుదైంది కదరా! లోపల పెట్టి దాచరాదూ?' అన్నాను.

వాడు నా వంక చూసి, 'ఒకసారి దాచినం గద మామా' అన్నాడు.

ఇంకేం మాట్లాడను! అక్కయ్య వంటింటి గడపలో నిలబడి ఉంది. విన్నదో లేదో తెలియదు. చక్కిలాల పళ్లెం తెచ్చి పిల్ల ముందు పెట్టి, 'ఒత్తుకో బిడ్డా, ఒత్తుకో' అంది.

పిల్ల కాసేపటికి నల్లదొరను కూడా అడిగి తీసుకుంది. ఒత్తింది. మళ్లీ ఒత్తింది. 'తాతా, వీడు వెలుగుతలేడు' అని బావకు చూపించింది. బావ బొమ్మను తీసుకుని, పదిహేడేళ్ల దుబాయి ఎండకు బిరుసెక్కిన బొటనవేలితో దాని టోపీ మీద మెల్లగా నిమిరాడు.

'వాడు డ్యూటీ దిగిండు బిడ్డా' అన్నాడు. 'పోలీసాయన ఇంక డ్యూటీల ఉన్నడు. ఆయనతోని ఆడుకో.'

పిల్ల పోలీసు నెత్తి మీద ఒత్తింది. చిన్న టార్చి కాస్త మసగ్గానే వెలిగింది.